కత్తిరించిన వైపు

2 డిసెంబరు 2014, మంగళవారం

ఇవాళ తేలీబాంధా సిగ్నల్ దగ్గర నన్ను నేను చూసుకున్నాను. రెండంతస్తుల ఎత్తున ఉన్నాను. ఏడేళ్ళ వయసు, చెదిరిన జుట్టు, ఎవరినో నిలదీస్తున్నట్టు చూపు. కింద హిందీలో ఫోటోల ప్రదర్శన అనీ, మ్యూజియం పక్క గ్యాలరీలో నెలాఖరు దాకా అనీ రాసి ఉంది. వెనక బైకువాడు హారన్ మోగిస్తే గానీ గ్రీన్ లైటు పడిందని తెలియలేదు.

ఆ ఫోటో నాకు కొత్త కాదు. 1985 ఎండాకాలంలో ఒక పెద్ద పత్రిక ఫోటోగ్రాఫరు మా రైల్వే కాలనీకి వచ్చి తీశాడు. కరువు మీద వాళ్ళు వేసిన పేజీల్లో ఒక పేజీ నిండా నేనే. తర్వాత అది నన్ను అడక్కుండా ఊళ్ళన్నీ తిరిగింది. ఏదో సంస్థ క్యాలెండరు మీదికి, ఎవరిదో పుస్తకం అట్ట మీదికి, చివరికి రక్తదానం పోస్టరు మీదికి కూడా వెళ్ళింది. రక్తదానానికీ నా జుట్టుకీ సంబంధం ఏమిటో ఆ పోస్టరు వేసినవాళ్ళకే తెలియాలి. నా పేరు ఎక్కడా ఉండదు. "ఛత్తీస్‌గఢ్ బాలిక" అని రాస్తారు. నేను విజయనగరం వాళ్ళ పిల్లనని ఎవరితో చెప్పుకోను.

ఈ హోర్డింగు అమ్మ కంట పడకూడదు.

3 డిసెంబరు

రేపు అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆటోని వేరే దారిన తిప్పించాలి.

4 డిసెంబరు

తిప్పించాను. "ఇటెందుకెల్తన్నాడే?" అని అడిగితే రోడ్డు తవ్వారని చెప్పాను. రాయపూర్‌లో ఈ అబద్ధాన్ని ఎవరూ అనుమానించరు.

5 డిసెంబరు, శుక్రవారం

ఇన్ని తిప్పలు పడితే, మా ఆయన మోహనకృష్ణ పొద్దున్నే హిందీ పేపరు తెచ్చి అమ్మ ముందే టేబుల్ మీద పడేశాడు. మూడో పేజీలో నేను. అమ్మకి హిందీ చదవడం అంతంత మాత్రం. ఆ ఫోటోకి చదువుతో పనిలేదు కదా.

"మల్లీ ఏసినారా" అంది. అంతే. పేపరు మడిచి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అన్నం తినలేదు.

ఆమె ఎప్పుడూ చెప్పే కథని ఒకసారి ఆమె చెప్పినట్టే రాసి పెడతాను. మే నెల, బడి సెలవులు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టరు గుమ్మం ముందు పీట వేసి అమ్మ నాకు రెండు జడలు వేస్తోంది. నాన్న పక్కనే ఉన్న వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసే పనికి వెళ్ళాడు. కుడి జడ అయిపోయింది. ఎడమ వైపు మొదలుపెడుతుండగా మెడలో రెండు కెమెరాలు వేసుకుని ఒకాయన వచ్చాడు. "ఇద్దర్నీ తీసినాడు. నాను నీ ఎనకాలే ఉన్నాను. సెయ్యి నీ తల మీదే ఉంది" అంటుంది అమ్మ.

వానలు పడ్డాక ఆ పత్రిక రైల్వే ఇన్‌స్టిట్యూటు రీడింగ్ రూముకి వచ్చింది. నాన్న సంబరపడిపోయి కాలనీ అంతా పిలిచి చూపించాడట. అందులో అమ్మ లేదు. వేసిన జడ లేదు. దువ్వని సగం తల, పెచ్చులూడిన గోడ, నేను. చూసే దిక్కులేని పిల్ల అన్నట్టు కింద ఇంగ్లీషులో ఏదో వాక్యం. పక్క క్వార్టరు శ్రీలక్ష్మి పిన్ని అందరి ముందూ అన్న మాట అమ్మ ఇప్పటికీ ఆవిడ గొంతుతోనే చెబుతుంది. "నీల్లకి కరువంటే సరే గానీ పార్వతమ్మా, దువ్వెనక్కూడా కరువేటి?"

ఆ మాట కాలనీలో ఏళ్ళ తరబడి తిరిగింది. కుళాయి దగ్గర ఎవరి జుట్టు చెదిరినా "దువ్వెన కరువొచ్చిందే" అని నవ్వేవాళ్ళు. నేను దువ్వుతూనే ఉన్నానమ్మా అని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా, అవునవును అని తల ఊపేవాళ్ళట. ఆ ఊపడమే ఆమెకి ఎక్కువ మండేది.

అప్పటినుంచి పదో తరగతి దాకా నా తలకి కరువన్నది తెలియదు. నూనె చెవుల వెనకనుంచి కారేది. జడలు ఎంత బిగించి వేసేదంటే కనుబొమ్మలు పైకి లేచిపోయి, రోజంతా దేనికో ఆశ్చర్యపోతున్నట్టు ఉండేదాన్ని. అమ్మ మాత్రం మళ్ళీ కెమెరా ముందుకి రాలేదు. "ఒకడు కోసీసినాడు సాలు" అంటుంది. నా పెళ్ళి ఆల్బమ్‌లో ఆమె మోచెయ్యి మూడు చోట్ల కనిపిస్తుంది.

6 డిసెంబరు

అమ్మతో చెప్పలేని మాట ఇక్కడ రాసుకోవచ్చు. ఆ ఫోటో అంటే నాకు చాలా ఇష్టం.

ఆ ఫోటో చూసుకోవడానికే స్కూలు అయ్యాక రీడింగ్ రూముకి వెళ్ళేదాన్ని. నన్ను చూసుకోవడం ఎంతసేపు, నాలుగు రోజుల్లో విసుగొచ్చింది. ముందు పేజీలూ వెనక పేజీలూ తిప్పడం మొదలుపెట్టాను. ఆ తర్వాత పాత సంచికలు. గనిలోంచి బయటికి వచ్చి ఎండకి కళ్ళు చికిలించిన మనుషులు. వరదలో మంచాన్ని నెత్తిన పెట్టుకుని నడుస్తున్న ముసలాయన. కుస్తీ అయిపోయి గోడకి ఆనుకుని నిద్రపోయిన పహిల్వాన్. ఒక పెద్ద ఫోటో, దాని పక్కన చిన్నవి రెండు, మధ్యలో తెల్లగా వదిలేసిన చోటు. ఆ చోటు వదలడం దండగ అనుకునేదాన్ని. ఒకరోజు, ఆ ఖాళీ ఉండబట్టే ముసలాయన మంచం అంత బరువుగా కనిపిస్తోందని అర్థమైంది. ఆ రోజు ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చాను. ఎవరికి చెప్పాలో తెలియక నాన్నకి చెప్పాను. నాన్నకి అర్థం కాకపోయినా "శభాష్" అన్నాడు.

ఇవాళ గుఢియారీలో ఉమేష్ భయ్యా ఫోటో ల్యాబ్‌లో కంప్యూటరు ముందు కూర్చుని పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేస్తున్నానంటే, నాకొక పని వచ్చనీ, చూపుందనీ అంటున్నారంటే అదంతా ఆ పేజీల దయ. నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. పేరు కూడా సరిగ్గా తెలియని ఆ ఫోటోగ్రాఫర్లందరికీ ఒక దణ్ణం.

8 డిసెంబరు, సోమవారం

ఆరంగ్ అనే ఊళ్ళో పెళ్ళివాళ్ళ ఆల్బమ్. వరుడి మేనమామతో గొడవైందట, అతను ఎక్కడా కనబడకూడదన్నారు. కోసేశాను. ఒక ఫోటోలో అతని చెయ్యి పెళ్ళికూతురి అక్షింతల పళ్ళెం మీద ఉండిపోయింది. దాని మీదికి ఒక బంతిపూల దండ లాగాను. రోజూ చేసే పనే.

మధ్యాహ్నం ఉమేష్ భయ్యా ఫోన్ చూపిస్తూ వచ్చాడు. "దీదీ, తేలీబాంధావాలీ లడకీ దేఖీ? దుల్హన్ కా ఐసా బనాదో. సగం మొహం, పక్కన నల్లగా, కళ్ళు ఇలా సీధా" అన్నాడు. పెళ్ళికూతురి ఫోటో కూడా ఆ హోర్డింగు పిల్లలా, సూటి చూపుతో ఉండాలట. ఆ అమ్మాయి నేనేనని అతనికి తెలియదు. చెప్పాలనిపించింది గానీ మాటలు పెంచడం ఎందుకని ఊరుకున్నాను.

ఇక్కడ ప్రతి ఫోటోగ్రాఫరూ పెళ్ళికూతుర్ని ఇలాగే తీస్తున్నాడు. కొంగు చాటు నుంచి ఒక కన్ను, మిగతాదంతా చీకటి. కాలేజీ పిల్లలు ఫోన్లో తమని తాము అలాగే తీసుకుంటున్నారు. ఏ పత్రికా చూసి ఉండరు. ఆ చూపు ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండానే అందరికీ వచ్చేసింది. పెళ్ళికూతురు నవ్వకుండా కెమెరాకేసి చూస్తే అందం అని పాతికేళ్ళ కింద ఎవరైనా అంటే వాళ్ళ అమ్మే తన్నేది. ఆ అందంలో మా క్వార్టరు గోడ ముక్క కూడా కాస్త ఉందని తలుచుకుంటే గర్వంగానే ఉంది.

10 డిసెంబరు, బుధవారం

అమ్మ ఇవాళ నోరు విప్పింది. గ్యాలరీకి వెళ్ళి ఆ ఫోటో తీయించెయ్యమంటుంది.

"అలా తీయరమ్మా. అది మంచి ఫోటో."

"మంచిదైతే? నానేదీ అందులో?"

"నువ్వు లేవని అందరికీ..."

"నాను ఉన్నాను. లేకుండా ఆలే సేసినారు." నా మొహంలోకి చూసింది. "నువ్వూ నమ్మలేదు గదే."

"నమ్మాను."

"సర్లే" అని చపాతీ పిండి కలుపుకోవడానికి వెళ్ళింది.

11 డిసెంబరు

నమ్మాను. చిన్నప్పటినుంచీ నమ్ముతూనే ఉన్నాను.

12 డిసెంబరు

ల్యాబ్‌లో పని లేనప్పుడు ఆ ఫోటో స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాను. రోజూ మనుషుల్ని కోసేదాన్ని, కోసిన చోటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎక్కడో ఒక వేలు, ఒక నీడ, లాగినట్టున్న బట్ట మడత మిగులుతుంది. ఇందులో అలాంటిదేమీ లేదు. నా ఎడమ వైపు జుట్టు గాలికి స్వేచ్ఛగా ఎగురుతోంది. ఎవరైనా పట్టుకుని దువ్వుతుంటే జుట్టు బిగుసుకుని వెనక్కి ఉండాలి. తల కొంచెం వెనక్కి లాగినట్టుండాలి. అమ్మ చేతిలో ఉన్న తల ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు.

ఆ జుట్టుని ఎవరూ పట్టుకోలేదు.

అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. అంతమంది అంతలా అంటే, పడలేక, అలా జరిగిందని తనే అనుకుని, అదే గుర్తుండిపోయిందేమో. అలా జరుగుతుంది మనుషులకి. మోహన్‌తో అంటే, "పోనీలే, ఆ పెద్దావిడ అనుకున్నట్టే ఉండనీ. కదిలించకు" అన్నాడు.

14 డిసెంబరు, ఆదివారం

ఒక్కదాన్నే గ్యాలరీకి వెళ్ళాను. కదిలించకూడదనే అనుకున్నాను. చూసి వచ్చేద్దామనుకున్నాను.

నా ఫోటో ఎదురుగోడ మీద, ఒంటరిగా, చుట్టూ బోలెడు తెల్లటి చోటు వదిలి వేలాడదీశారు. అక్కడ కుర్చీలో నా ఈడే ఉన్న ఒకామె కూర్చుని ఉంది. పూర్ణిమ. ఆ ఫోటోగ్రాఫరు గారి కూతురు, నాగపూర్ నుంచి వచ్చింది. ఆయన పోయి మూడేళ్ళయిందట. ఆయన ఫోటోలన్నీ ఆమే చూసుకుంటోంది. నేను అటూ ఇటూ తిరిగి, రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, ఆ పిల్లని నేనేనని చెప్పాను.

ఆమె నా మొహం చూసింది, గోడ చూసింది. లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. "పాపా చాలా వెతికారు మీకోసం. రెండుసార్లు రాయపూర్ వచ్చారు. కాలనీలో ఎవరూ గుర్తుపట్టలేదన్నారు" అంది హిందీలో, వాళ్ళ నాన్న గురించి. మేము అప్పటికే క్వార్టరు ఖాళీ చేసి గుఢియారీకి వచ్చేశాం.

అమ్మ కథ చెప్పాను. పూర్ణిమ నవ్వలేదు, తల ఊపలేదు. "పాపా కాపీలన్నీ ఫుల్ ఫ్రేమే పంపేవారు. కత్తెర పత్రికవాళ్ళది. ఇక్కడ పెట్టింది కూడా అప్పుడు అచ్చయిన ముక్కే, జనానికి తెలిసింది అదే కదా. అసలు నెగెటివ్ నాగపూర్ ఇంట్లో ఉంటుంది. తమ్ముడితో వెతికిస్తాను" అంది.

వద్దని చెప్పబోయాను. ఆమె అప్పటికే ఫోన్ చేస్తోంది.

15 డిసెంబరు

ఏమీ రాలేదు.

16 డిసెంబరు

నెగెటివ్‌లో అమ్మ లేకపోతే ఏం చెయ్యాలి. లేదని పూర్ణిమకి తెలుస్తుంది, నాకు తెలుస్తుంది. అమ్మకి చెప్పను. అది దొరకలేదని చెబుతాను. దొరకలేదనే అందాం.

17 డిసెంబరు

రాలేదు. రాకపోతేనే మంచిది.

19 డిసెంబరు, శుక్రవారం

వచ్చింది.

ల్యాబ్‌లో ఉండగా వచ్చింది. ఫోన్లో తెరవడానికి ధైర్యం చాలక, కంప్యూటరుకి పంపుకుని, నీళ్ళు తాగి కూర్చున్నాను.

ఆ ముక్క కాదు, మొత్తం ఫోటో. అడ్డంగా, పొడుగ్గా. కుడి పక్కన నేను, నాకు తెలిసిన నేను. కుడి జడ భుజం మీంచి ముందుకి పడి ఉంది, చివర రిబ్బను పువ్వులా కట్టి ఉంది. నా వెనక, ఎడమ సగం నిండా అమ్మ. పీట మీద నేను, నా వెనక గడప మీద ఆమె. ఎంత చిన్నది. ముప్పై కూడా ఉండవు. రెండో రిబ్బను పళ్ళ మధ్య పట్టుకుని ఉంది. ఒక చెయ్యి నూనె గిన్నెలో ఉంది. ఇంకో చెయ్యి అప్పుడే నా జుట్టుని వదిలి, దాని మీద అరచెయ్యంత ఎత్తులో, పత్రికవాళ్ళు కోసిన గీతకి సరిగ్గా పైన, ఆగి ఉంది. నూనె కోసం వదిలిందన్నమాట. వదిలిన ఆ క్షణంలో జుట్టు ఎగిరింది. అమ్మ కెమెరాని చూడటం లేదు. నా తలకేసి చూస్తోంది.

కుర్చీలోనే ఏడ్చేశాను. ఉమేష్ భయ్యా కంగారుగా వచ్చి స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ స్క్రీన్ చూశాడు. "యే ఆప్ హై?" అన్నాడు, ఇది మీరా అని. మొత్తం చెప్పాను. అతను స్టూలు లాక్కుని కూర్చుని విన్నాడు. ఏమీ అనుకోవద్దని మొహమాటపడుతూ, "బురా మత్ మాన్‌నా దీదీ, ఫోటో మాత్రం కోసిందే హిట్" అన్నాడు.

కోపం రాలేదు. ఏడుపు తుడుచుకుని చూస్తే, అతను చెప్పింది నిజం. అమ్మ ఉంటే అదొక ఇల్లు, తల్లీ పిల్లా, ఏ కాలనీలో అయినా పొద్దున్నే కనబడేదే. అమ్మని తీసేస్తే ఆ పిల్ల చూపు వచ్చి గుచ్చుతుంది. నాకు ఆ పేజీ ఇచ్చి ఉంటే నేనూ సరిగ్గా అక్కడే కోసేదాన్ని. అలా కొయ్యాలని నాకు నేర్పింది కూడా ఆ పేజీలే. అందుకు నేను వాళ్ళకి రుణపడి ఉన్నాను, అమ్మ వైపు నుంచి కోపంగానూ ఉన్నాను. రెండూ ఒకేసారి ఉండటానికి లోపల చోటు సరిపోతోంది, అదే వింత.

20 డిసెంబరు

అమ్మకి ఫోన్లో చూపించలేదు. అంత చిన్నగా చూపించాల్సింది కాదు. పూర్ణిమని అడిగితే, గోడ మీద కోసిన ఫోటో పక్కనే వేలాడదీద్దాం అంది. ప్రింటు మా ల్యాబ్‌లోనే వేశాం. ఉమేష్ భయ్యా దగ్గరుండి వేశాడు. నెగెటివ్ మీద గీత ఒకటి అమ్మ చీర మీదుగా ఉంది, తుడిచేయనా అన్నాడు. ఏదీ తుడవద్దన్నాను.

21 డిసెంబరు, ఆదివారం

ఆ ఫోటో తీయించడానికి వెళ్దాం పద అని అమ్మని బయల్దేరదీశాను. అబద్ధం ఏమీ కాదు, ఆమె అడిగితే తీసేస్తానని పూర్ణిమ నాకు మాటిచ్చింది. అమ్మ గంజిపెట్టిన చీర కట్టుకుంది. ఆటోలో దారి పొడుగునా హిందీలో తిట్లు సరిచూసుకుంది. "బేటీ కో కాటా నహీ, మేరేకో కాటా, అంటే సరిగ్గుంటాదా?" అని నన్నే అడిగింది. కూతుర్ని కొయ్యలేదు, నన్ను కోశారని చెప్పాలట. తేలీబాంధా మీదుగానే వెళ్ళమన్నాను. హోర్డింగు కనబడగానే మూతి తిప్పుకుంది.

లోపలికి వెళ్ళి నేరుగా ఎదురుగోడ దగ్గరికి నడిచింది. పూర్ణిమ లేచి నిలబడింది. అమ్మ వేలెత్తి, "దేఖో, యే..." అని మొదలుపెట్టి, ఆగిపోయింది. పక్కనున్నది కనబడింది.

కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఆ పీట మీ నాన్న సేసింది" అంది చివరికి. "వర్క్‌షాపు సెక్క. రిబ్బను ఎర్రది. ఇందులో నల్లగొచ్చింది."

"అమ్మా..."

"ఇప్పుడు నమ్మినావా?"

"ఎప్పుడూ నమ్మాను."

"సర్లే" అని నవ్వింది.

కాలేజీ పిల్లలు ఇద్దరు వచ్చారు. అమ్మ వాళ్ళకి అడ్డం వెళ్ళింది. "వో హాథ్ మేరా హై. మై ఇస్‌కీ మా" అంది. ఆ చెయ్యి తనదేనని, ఆ పిల్ల తల్లి తనేనని. వాళ్ళు ఆమెని చూసి, ఫోటో చూసి, ఆంటీ ఒక సెల్ఫీ అన్నారు. వాళ్ళ ఫోన్లోకి చూస్తూ నిలబడింది మా అమ్మ, పార్వతమ్మ. నేను నోరు తెరుచుకుని చూశాను. తర్వాత వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది, చౌకీదారుతో సహా. మధ్యలో ఒకసారి నా దగ్గరికి వచ్చి, "సీలచ్చిమి ఉండుంటే బావున్ను" అంది. శ్రీలక్ష్మి పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాటలో కక్ష కంటే బెంగే ఎక్కువ వినిపించింది.

జనం పలచబడ్డాక పూర్ణిమ అమ్మ దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. "మాతాజీ, పాపా తరఫున క్షమించండి. ఆ కోసిన ఫోటో తీసేయమంటే ఇప్పుడే తీసేస్తాను" అంది. నిజంగానే స్టూలు తెప్పించింది.

అమ్మ ఆ కత్తిరించిన ఫోటో ముందుకి వెళ్ళి నిలబడింది. తీయించేస్తుందనే అనుకున్నాను. తీయించినా నాకు బాధలేదని సర్దిచెప్పుకుంటున్నాను. ఆమె అలాగే చూస్తోంది. కాసేపటికి వేళ్ళ చివర్లతో అద్దాన్ని, నా చెంప ఉన్న చోట, ముట్టుకుంది.

"ఉండనీయే" అంది. "ఇన్నేల్లూ నన్ను కోసీసినారనే సూసినాను గానీ, దీన్ని సూడనే నేదు. ఎంత ముద్దుగుందో సూడు నా పిల్ల."

ఆ ఫోటోని ఎన్ని లక్షల మంది చూసి ఉంటారో నాకు తెలియదు. మా అమ్మ ఇవాళ చూసింది.